రిజిస్టరులో లేని నాలుగు ఎలుకలు

మా సంస్థలో ఎలుకలకు ఏసీ ఉండేది, మాకు లేదు. దీన్ని ఫిర్యాదు అనుకోకండి. ఎండాకాలంలో కరెంటు పోతే పెద్దసారు గదికంటే ముందు ఎలుకల గదికి జనరేటరు వేసేవాళ్లు. అందుకని మధ్యాహ్నం మేమందరం అన్నం క్యారియర్లు పట్టుకుని ఆ గది గోడకు వీపులు ఆనించి కూర్చునేవాళ్లం. గోడ చల్లగా ఉండేది. అట్లా ఎలుకల పుణ్యాన పన్నెండేళ్లు చల్లగా తిన్నదాన్ని కాబట్టి వాటి గురించి అబద్ధం రాయను.

మీలో కొందరు పెద్ద చదువులు చదివి, తెల్లకోట్లు వేసుకుని ఇట్లాంటి గదుల్లోకి పనికి పోతున్నారని విన్నాను. మీకు పుస్తకాల్లో రాయని సంగతి ఒకటి నాకు తెలుసు. నా చదువు వెంకటగిరికోటలో ఐదో తరగతితో ఆగిపోయింది. భాషలో తప్పులుంటే మీరు సర్దుకోండి. జ్ఞాపకంలో మాత్రం సర్దుకోవలసింది ఏమీ ఉండదు. మా అత్త ఏ పండక్కి నన్ను ఏమన్నదో కూడా వరస తప్పకుండా చెప్పగలను.

మా సంస్థ కుప్పం పోయే దారిలో, గుట్టల మధ్య ఉండేది. పేరు ఎందుకు, ఇప్పుడది లేదు. ఆ కట్టడంలో మామిడి గుజ్జు డబ్బాలు నిలవ చేస్తున్నారు. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు ఇంకా గోడమీదే ఉంది. డబ్బాలు మాకంటే బాగా పాటిస్తున్నాయి.

తొంభైలలో కసువు ఊడ్చే పనికి చేరాను. రెండు మూడేళ్లకు ఎలుకల గదికి మార్చారు. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు మా ఆయన చెనక్కాయల మూటకు పడిన చిల్లి కుడుతున్నాడు. దబ్బనం చేతిలో ఉండగానే తలెత్తి చూశాడు.

"ఈడ ఎలుకల్ని సంపలేక నేను సస్తాండాను. నువ్వు ఆడికి పోయి వాటికి నీళ్లు తాపుతావా?"

"జీతం ఇస్తారంట."

"ఎవురికి, ఎలుకలకా?"

మా అత్త మరీ ఘాటుగా అన్నది. "ఎవురైనా అడిగితే ఆస్పత్రిలో పని అని చెప్పు. ఎలుకలకు కానుపు చేస్తాండాదని తెలిస్తే మన గడప ఎవురూ తొక్కరు." కానుపు అన్న మాట ఆమె వెక్కిరింపుకే అన్నది గానీ నా పని సరిగ్గా అదే.

ఎలుకల గదిలో నాకంటే పెద్దాయన ఒకరు ఉండేవారు. పుంగనూరు మనిషి. అందరూ ఆయన్ను పుంగనూరాయన అనే పిలిచేవాళ్లం. వాళ్లింట్లో తాతల కాలం నుంచి పొట్టి ఆవులు. పుంగనూరు ఆవు అంటే మీకు తెలుసు కదా, నడుమెత్తు కూడా ఉండదు. ఆయన దాని గొప్ప చెప్పడం మొదలుపెడితే క్యారియరులో అన్నం గట్టిపడేది. "పొట్టిదని నవ్వొద్దమ్మా. పొట్టిదాన్లోనే లచ్చిమి ఉండేది," అనేవాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ పని పడుతుంది.

పని నేర్పింది ఆయనే. బోనులో ఊక మార్చడం, మేత గుళికలు వేయడం, నీళ్ల సీసా ముక్కు మూసుకుపోకుండా చూడడం. తోక పట్టుకుని ఎత్తాలి గానీ వేలాడదీయకూడదు. తల్లి ఈనిన మూడు రోజుల దాకా బోను కదపకూడదు, అలికిడైతే పిల్లల్ని తినేస్తుంది. ఇవన్నీ నిజమైన మాటలే. వాటి మధ్యలో ఇంకో మాట కూడా నేర్పాడు. మూడో రోజు బోను శుభ్రం చేసేటప్పుడు పిల్లల్ని లెక్కపెట్టాలి. బోనుకు ఆరు ఉంచాలి. అన్నీ ఒక సైజులో ఉండాలి. బక్కవి ఉంటే పక్కనున్న నీలం బకెట్టులో వేయాలి. ఆ తర్వాతే రిజిస్టరు తెరిచి 'పుట్టినవి: ఆరు' అని రాయాలి.

"ఆరని యాల రాయాలన్నా, ఎనిమిది పుట్టినాయి గదా?" అని మొదటిరోజు అడిగాను.

"ఎనిమిదని రాస్తే, రెండు పోయినాయని రాయాల. పోయినాయని రాస్తే ఎర్ర సిరాతో రాయాల. ఎర్ర సిరా కనపడితే పెద్దసారుకు సంజాయిషీ రాయాల. నువ్వు రాస్తావా?"

నేను రాయలేను. ఐదో తరగతికి సంజాయిషీ పాఠం రాదు.

అసలు కిటుకు పెద్దసారుది. ఆయన చాలా చదివిన మనిషి. ఆయన గది బయట పేరు వెనకాల ఉన్న అక్షరాలు పేరుకంటే పొడవు. నేను ఆ గదికి రాకముందు ఒకసారి తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టరులో ఎర్రగీతలు చూసి ఏదో అడిగారట. వాళ్లు పోయాక ఆయన గదివాళ్లందరినీ నిలబెట్టి, "నా రిజిస్టరులో ఎర్ర సిరా కనిపించకూడదు," అన్నారు. ఎలుకలు చావకూడదని చెప్పలేదు. సిరా కనిపించకూడదన్నారు. చెప్పింది చెప్పినట్టు చేసే ఉద్యోగులం మేము. ఆ రోజు నుంచి మా గదిలో చావు లేదు.

నాకూ అందులో తప్పు కనిపించలేదు. మా చేలో టమాటా నారు పోస్తే బక్క మొక్కలు పీకేసి బలమైనవే నాటుతాం. నారుమడి దగ్గర ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటారా. పిల్ల ఎలుకలు బొగ్గులాంటి నల్లటి తల్లులకు పుట్టినా మొదట గులాబీ రంగులో ఉంటాయి. బలమైనది రెండు గింజల చెనక్కాయంత ఉంటుంది. బక్కది ఒంటి గింజ కాయంత. చెనక్కాయలు ఏరినట్టే ఏరేదాన్ని. నా చేయి చాలా వేగమని పుంగనూరాయన మెచ్చుకునేవాడు కూడా.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత మదనపల్లె అమ్మాయి వచ్చింది. పట్టు నేసేవాళ్ల బిడ్డ. పీహెచ్‌డీ అనే పెద్ద చదువు కోసం మా సంస్థలో చేరింది. ఆమె పని కోసం పైనుంచి ప్రత్యేకమైన ఎలుకలు తెప్పించారు. మూడేళ్లు నా పక్కనే గోడకు వీపు ఆనించి అన్నం తిన్నది. మొదటి నెలంతా ఆమె చెప్పేది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో నెలలో ఒకరోజు ఆమె క్యారియరు మూత మీద వేలితో గీసి చెప్పింది.

"అక్కా, మగ్గానికి ఎక్కించే ముందు మా వీధిలో పడుగు దారాలు సాగదీస్తారు, నువ్వు చూసినావా?"

"చూసినాను. రోడ్డుకు ఈ కొసన ఒక గుంజ, ఆ కొసన ఒక గుంజ."

"మన ఒంట్లో ప్రతి కణమూ రెండుగా చీలేటప్పుడు లోపల అదే జరుగుతాది. ఈ పక్క ఒక గుంజ, ఆ పక్క ఒకటి. వాటిని సెంట్రోసోము అంటారు. రెండిటి నుంచీ దారాలు వచ్చి మధ్యలో ఉండే సరుకును సగం సగం చేసి చెరో పక్కకు లాగుతాయి."

"మరి నువ్వు చేసేదేమి?"

"గుంజ పాతినాక చుట్టూ మట్టి ఏసి దిమ్మిస కొడతారు గదా, ఊగకుండా. ఆ మట్టి మాదిరి ఒక ప్రొటీను ఉండాది. దాన్ని తయారుచేసే జన్యువును ఈ ఎలుకల్లో తీసేసినారు. మట్టి లేకపోతే గుంజ ఏమవుతాదో చూడాల."

"ఊగతాది. పడుగు చిక్కు పడతాది. నేసేటాయన తిట్టుకుంటా లేచి పోతాడు."

ఆమె నవ్వి నన్ను సూక్ష్మదర్శిని దగ్గరికి తీసుకుపోయింది. నేను చెప్పులు బయట విడిచి, దేవుడి గదిలోకి పోయినట్టు పోయాను. మంచి కణంలో రెండు చుక్కలు, వాటి మధ్య పచ్చటి దారాలు బిగుతుగా ఉన్నాయి, మల్లెమొగ్గ ఆకారంలో. జన్యువు లేని కణంలో చుక్కలు చెదిరిపోయి, దారాలు వదులై, ఒకచోట రెండు గుంజలకు బదులు మూడు ఉన్నాయి. మూడు గుంజలకు పడుగు కడితే ఏమవుతుందో మా ఊరి పిచ్చోడికి కూడా తెలుసు. అట్లాంటి కణాలు చాలావరకు చీలలేక అక్కడే చచ్చిపోతాయని చెప్పింది. ఇదంతా అద్దం పాత్రలో పెంచిన ఎలుక కణాల సంగతి. మరి ఎలుక సంగతేమిటి? ఆ జన్యువు లేకుండా ఎలుక బతుకుతుందా? ఆమె చదువంతా ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడింది.

తల్లికీ తండ్రికీ చెరి ఒక మంచి జన్యువు, ఒక చెడ్డది ఉంటే, పుట్టే ప్రతి నాలుగు పిల్లల్లో ఒకదానికి రెండూ చెడ్డవే రావాలట. మూడు వారాలకు పిల్లలకు పాలు మాన్పించి, తోక చివర చిన్న ముక్క తీసి పరీక్ష చేసేది. వందల తోకలు చూసింది. ఆ నాలుగోది ఒక్కసారి కూడా రాలేదు. అట్లని కడుపులోనే పోతున్నాయా అంటే, అదీ కాదు. ఈనడానికి ఒకరోజు ముందు తీసి చూస్తే లెక్క ప్రకారం ఉన్నాయి, గుండె కొట్టుకుంటూ.

"ఈనేటప్పుడు నేను ఉంటానక్కా, ఒక్కసారి చూడనీ," అని చాలాసార్లు అడిగింది. పుంగనూరాయన వాకిలికి అడ్డం నిలబడి, "కొత్త మనిషి వాసన తగిలితే తల్లి తినేస్తాది పాపా. మూడు వారాల తర్వాతే," అనేవాడు. పెద్దసారు నియమం కూడా అదే. తెల్లకోటు వాళ్లు పుట్టిన పిల్లల దగ్గరికి పోకూడదు, మాలాంటి నీలం బట్టల పనివాళ్లు సూక్ష్మదర్శిని దగ్గరికి పోకూడదు. చూసేవాళ్లకు తెలియదు, తెలిసినవాళ్లు చూడరు. ఆ ఏర్పాటుకు పెద్దసారు 'క్రమశిక్షణ' అని పేరు పెట్టారు.

చివరికి పెద్దసారే తేల్చారు. జన్యువు లేని పిల్ల పుట్టగానే ఊపిరి తీయలేక చనిపోతుంది, తల్లి దాన్ని తినేస్తుంది, అందుకే ఆనవాలు దొరకడం లేదు. ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు. అమ్మాయి అదే రాయడం మొదలుపెట్టింది. రెండు నెలల్లో సిద్ధాంత గ్రంథం ఇచ్చేయాలి. గడువు దాటితే మళ్లీ పొడిగించరు, చదువు చేతిలోంచి పోయినట్టే.

ఒకరోజు మధ్యాహ్నం చింతాకు పప్పు కలుపుకుంటూ నేనే ఊరికే అడిగాను. "పాపా, ఆ కడుపులో చూసినావే, అవి ఎట్లుంటాయి?"

"చానా చిన్నవక్కా. తక్కినవాటిలో సగం. తలకాయి ఇంకా చిన్నది. కణాలు సరిగ్గా చీలవు గదా, ఒళ్లు పెరగడానికి చాలినన్ని ఉండవు."

"ఒంటి గింజ చెనక్కాయ మాదిరా?"

"అంతే. సరిగ్గా చెప్పినావు."

ముద్ద నోటిదాకా పోయి ఆగింది. నాకు అంత సరిగ్గా ఎట్లా తెలుసో ఆమె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమే పుంగనూరాయనకు చెప్పాను. "అన్నా, ఆ పాప మూడేండ్లుగా ఎతుకుతాండేటివి మన బకెట్లోనే ఉండాయి."

ఆయన నీళ్ల సీసాలు కడగడం ఆపలేదు. "గమ్మునుండు," అన్నాడు. "ఇప్పుడు చెప్తే ఆ పాప చదువు పాయె, మన పని పాయె."

"పొట్టిదాన్లో లచ్చిమి ఉంటాదని చెప్పే మనిషివి నువ్వే గదన్నా."

"అది ఆవు. పాలిస్తాది. ఎలుక ఏమిస్తాది?"

"డిగ్రీ ఇస్తాది."

ఆయన ఇంకో సీసా అందుకున్నాడు. ఊళ్లో పొట్టి ఆవుకు పసుపు కుంకుమ పెట్టే చేతులే ఇక్కడ పొట్టి ఎలుకను బకెట్టులో వేశాయి. ఆయన్ని అని ఏం లాభం, ఆయనకంటే నా చేయి వేగం.

అమ్మాయికి చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. ఆమె రాత్రింబగళ్లు రాస్తోంది, కళ్ల కింద నలుపు దిగింది. నోరు తెరిస్తే మూడేళ్ల రాత చింపేసినట్టే. ఒకవేళ ఆ బక్కవి ఎట్లాగూ చచ్చేవే అయితే? అప్పుడు పెద్దసారు చెప్పిందే నిజం, నేను అనవసరంగా ఇద్దరి బతుకుల్లో మన్ను పోసినదాన్ని అవుతాను. ముందు బతుకుతాయేమో చూసి చెబుదాం అనుకున్నాను. చూశారా, పిరికితనం ఎంత తెలివిగా మాట్లాడుతుందో. ఆ తెలివే అన్నిటికంటే పెద్ద తప్పు.

ఆ తర్వాత ఒకేరోజు జరిగిన కానుపుల్లో దొరికిన ఏడు బక్క పిల్లల్ని బకెట్టుకు ఇవ్వలేదు. మా గదిలో ఒక ముసలి తల్లి ఎలుక ఉండేది. ఎవరి పిల్లనైనా దగ్గరికి తీసుకునే గుణం దానిది. దాని సొంత పిల్లల్ని వేరే తల్లికి సర్ది, ఈ ఏడింటినీ దాని పక్కలోని ఊకతో మెల్లగా రుద్ది, వాసన పట్టించి, పక్కలో వేశాను. బలమైన పిల్లలు పక్కన ఉంటే బక్కదానికి పాలు అందవు. తోసేవాళ్లు లేకపోతే అదీ తాగుతుంది. ఇది ఎలుకల్లో నేర్చుకున్నదే గానీ ఇంకా చాలాచోట్ల చూశాను.

మూడు పోయాయి. నాలుగు బతికాయి. కళ్లు తెరిచాయి, నల్లటి బొచ్చు వచ్చింది. చింతగింజలకు కాళ్లు వచ్చినట్టు తిరిగేవి. ఆ బోనును అన్నిటికంటే కింది వరుసలో, మూల, ఖాళీ సీసాల వెనకాల పెట్టాను. రిజిస్టరులో రాయలేదు. రాస్తే ఎక్కడివని అడుగుతారు. పుంగనూరాయన చూశాడు, చూడనట్టు పోయాడు. రెండోరోజు ఆ బోనులో నేను వేయని మేత గుళికలు నానబెట్టి ఉన్నాయి. నేనూ చూడనట్టే పోయాను.

అవి పుట్టిన ఇరవై ఆరో రోజున బెంగళూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. శాస్త్రవేత్త. జుట్టంతా నెరిసి, కాటన్ చీరలో, చేతిసంచి భుజాన వేసుకుని బస్సు దిగి వచ్చినట్టున్నారు. అమ్మాయి రాసినదాన్ని చదివి, ఆరోజు ఆమె చెప్పేది విని, సరే అనాలి. ఆవిడ సరే అంటే గ్రంథం గడువులోపల పోతుంది. ముందుగా ఎలుకల గది చూపించాలని పెద్దసారుకు సరదా. ఆ రోజు మాకందరికీ కొత్త టోపీలు ఇచ్చారు. సాయంత్రం వెనక్కి తీసుకున్నారు.

పెద్దసారు ముందు, ఆవిడ వెనక, అమ్మాయి ఆ వెనక. మేమిద్దరం గోడకు అతుక్కుని నిలబడ్డాం.

"మా రికార్డులు చూడండి మేడం," అని పెద్దసారు రిజిస్టరు తెరిచారు. "ఇన్నేళ్లలో ఒక్క ఎర్ర గీత లేదు."

ఆవిడ నాలుగు పేజీలు తిప్పారు. "ఎలుకలు చావని ఎలుకల గదిని నేను ఇదే చూడడం," అన్నారు మెల్లగా.

పెద్దసారు దాన్ని మెచ్చుకోలు అనుకుని నవ్వారు. పై వరుస బోన్లు చూపించడం మొదలుపెట్టారు. ఆవిడ మోకాళ్లు పట్టుకుని కిందికి వంగారు. "పై వరుసలు అందరూ చూపిస్తారు. నేను కింది వరుసే చూస్తాను," అంటూ ఖాళీ సీసాలు పక్కకు జరిపారు. నా గుండె జారి ఆ సీసాల మధ్య పడింది.

"ఇవేమిటి? వీటి బోనుకు చీటీ లేదే."

పెద్దసారు ముఖం మారింది. "ఎవరు పెట్టారిది?"

పుంగనూరాయన పైకప్పు వైపు చూశాడు. పైకప్పులో ఏమీ లేదు.

"నేనే పెట్టినాను సార్," అన్నాను.

"ఎందుకు పెట్టారమ్మా?" అడిగింది పెద్దసారు కాదు, ఆవిడ.

"బతుకుతాయో లేదో సూద్దామని మేడం."

"బతక్కపోతే?"

"అన్నిటి మాదిరే బకెట్లో ఏస్తాము."

"అన్నిటి మాదిరా?"

ఇక దాచడానికి ఏముంది. మూడో రోజు ఏరడం, ఆరు ఉంచడం, ఒంటి గింజ కాయలు, నీలం బకెట్టు, ఎర్ర సిరా, ఆ నాలుగూ పుట్టిన తేదీ, అన్నీ చెప్పాను. మొదటిసారి నా మాటలు అంతమంది చదువుకున్నవాళ్లు నోరు మెదపకుండా విన్నారు.

అమ్మాయి గోడకు ఆనుకుంది. మేం రోజూ వీపు ఆనించే గోడకు అవతలి పక్క అది. ఏడవలేదు. ఒక్కటే మాట అన్నది.

"మూడేండ్లు నీ పక్కన కూసొని అన్నం తిన్నాను గదక్కా."

ఇప్పటికీ ఎవరైనా క్యారియరు మూత తీస్తే ఆ మాటే వినిపిస్తుంది.

పెద్దావిడ మాత్రం ఆ నాలుగింటినీ అరచేతిలోకి తీసుకుని చూస్తూనే ఉన్నారు. "వీటి తోకలు పరీక్ష చేయి. ఇవాళే," అని అమ్మాయితో అన్నారు. పరీక్ష వచ్చింది. నాలుగింటిలో మూడింటికి ఆ జన్యువు లేదు. నాలుగోది ఊరికే బక్కది, ఏ గొప్పా లేనిది. దానికి కూడా తోటివాటి పరపతితో మంచి మేత దొరికింది.

అంటే మూడేళ్ల రాత తప్పు. పుట్టగానే చచ్చిపోతాయన్న పిల్లలు పుట్టి, పాలు తాగి, మనిషి చేతి నుంచి తప్పించుకోగలిగితే బతికే ఉన్నాయి. ఆవిడ గ్రంథానికి సరే అనలేదు. కానీ మళ్లీ మొదటినుంచి లెక్క చూడడానికి ఒక సంవత్సరం గడువు ఇప్పించాలని తన చేత్తో ఉత్తరం రాసి, పెద్దసారు సంతకం పెట్టేదాకా కుర్చీలోంచి లేవలేదు.

మూడో రోజు నాకు మెమో వచ్చింది. పన్నెండేళ్ల ఉద్యోగంలో నా పూర్తి పేరుతో వచ్చిన ఒకే ఒక కాగితం. పుంగనూరాయన చదివి వినిపించాడు. 'అనుమతి లేకుండా, రిజిస్టరులో నమోదు చేయకుండా, ఫలానా తేదీన పుట్టిన నాలుగు ఎలుకలను ఇరవై ఆరు రోజులపాటు జీవించి ఉండనిచ్చినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజులలోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను.' కింద పెద్దసారు సంతకం, తేదీ, గుండ్రటి ముద్ర.

"ఇంగోసారి సదువన్నా."

ఆయన మళ్లీ చదివాడు. బకెట్టు మాట ఎక్కడా లేదు. ఎట్లా ఉంటుంది? బకెట్టులో పోయినవి పుట్టినట్టే రాయలేదు. పుట్టనివి చచ్చినందుకు ఎవరిని అడుగుతారు? చంపితే నేరం లేదు, బతికించినందుకు నేరం. పల్లెలో పుట్టి ఎన్నో చూశాను గానీ ఇంత చక్కగా టైపు చేసిన అన్యాయాన్ని చూడలేదు.

"పారేసేది మరిసిపోయినానని రాయి," అని పుంగనూరాయన సలహా ఇచ్చాడు. "మరుపుకు శిచ్చ ఉండదు."

"నాకు మరుపు లేదని మా అత్తను అడిగినా చెప్తాది."

జవాబు రాయలేదు. కాగితం మడిచి పోపుల డబ్బా కింద పెట్టాను. వాళ్లు మళ్లీ అడగలేదు. అడిగితే బెంగళూరు ఆవిడకు తెలుస్తుందని భయం.

అమ్మాయి నాతో మాట్లాడడం మానేసింది. అన్నం పై అంతస్తులో తినేది. కానీ ఇప్పుడు పుట్టిన రోజే ఎలుకల గదిలోకి వచ్చేది. ఎవరూ అడ్డం నిలబడలేదు. ఆమె లెక్కపెట్టి ఒక కొత్త నోటుబుక్కులో రాసుకునేది. పుట్టినవి, బక్కవి, పోయినవి, అన్నీ. పోయినవాటిని ఎర్ర సిరాతోనే రాసేది. పుంగనూరాయన బక్క పిల్లను అరచేతిలో పెట్టుకుని, "పాపా, ఇంగో పుంగనూరుది పుట్టింది," అని ఆమెకు చూపించేవాడు. ఆమె నవ్వేది. నేను ఆ నవ్వును పక్క వరుసలోంచి వినేదాన్ని.

జన్యువు లేనివి బతికాయి గానీ పొట్టిగా, చిన్న తలతో మిగిలిపోయాయి. గుంజ చుట్టూ మట్టి వదులైనందువల్ల చాలా కణాలు మధ్యలోనే పోతాయి. మిగిలినవి ఎట్లాగో కష్టపడి ఒక చిన్న ఎలుకను నేసి పెడతాయి. ఇది ఆమె కొత్త గ్రంథం. పాతదానికంటే మంచిదని అందరూ అన్నారు. పాతది కూడా మంచిదనే అన్నారు లెండి.

గడువు ముగియడానికి నెల ముందు ఒక మధ్యాహ్నం గోడ దగ్గర నీడ పడింది. క్యారియరుతో వచ్చి నిలబడింది.

"అక్కా, నీకు మెమో ఇచ్చినారు గదా, ఉండాదా?"

"పోపుల డబ్బా కింద ఉండాది. యాల?"

"ఆ మొదటి నాలుగింటిలో జన్యువు లేని మూడే అన్నిటికన్నా ఎక్కువ కాలం బతికినాయి. అవి లేకపోతే నా చివరి అధ్యాయం లేదు. అవి ఎప్పుడు పుట్టినాయో రుజువు చూపమంటారు. రిజిస్టరులో లేవు, చీటీ లేదు. ఈ సంస్థలో అవి పుట్టినాయని సంతకం పెట్టి రాసిన కాగితం నీ మెమో ఒక్కటే."

నేను ఆమె ముఖం చూశాను. ఆమె నా ముఖం చూసింది. ముందు ఎవరు నవ్వామో తెలియదు. ఆ రోజు నా పక్కనే కూర్చుంది. క్షమించానని అనలేదు. నా గిన్నెలోంచి ఊరగాయ ముక్క ఎత్తుకుంది.

ఆమె గ్రంథం మీద మౌఖిక పరీక్ష జరిగిన రోజు నేను టీ గ్లాసులు పట్టుకుని వాకిట్లో ఉన్నాను. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, కళ్లద్దాలాయన, అడగనే అడిగాడు, "ఈ ఎలుకల పుట్టిన తేదీకి ఆధారం ఏది?" అమ్మాయి పసుపు మరకలున్న నా కాగితాన్ని బల్లమీద పెట్టింది. ఆయన చదివాడు. ఇంకోసారి చదివాడు. ముందు వరుసలో కూర్చున్న పెద్దసారు వైపు చూశాడు.

"ఇది మీ సంతకమేనా సార్?"

"అది... పరిపాలనకు సంబంధించిన విషయం."

"ఇంత గట్టి జనన ధ్రువీకరణ పత్రం మా పిల్లలకు కూడా లేదు," అన్నాడాయన. బెంగళూరు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

డిగ్రీ వచ్చింది. గ్రంథం మొదట్లో కృతజ్ఞతల పేజీలో పెద్దసారు పేరు ఉంది, ఆయన ప్రోత్సాహం గురించి ఒక పేరా ఉంది. అది రాయక తప్పదని అమ్మాయే చెప్పింది. అసలు మెమో ఆ గ్రంథం వెనక అతికించి ఉంది. నాకు జిరాక్సు ఇచ్చింది.

ఇది రాస్తున్నప్పుడు ఆ జిరాక్సు నా పక్కనే ఉంది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు, చాలా ఆలస్యమైంది. ఇదే అనుకోండి. ఆ నాలుగింటినీ నేనే బతికించాను, ఒప్పుకుంటున్నాను. అంతకు ముందు అన్నేళ్లు, మూడో రోజు మూడో రోజున ఏరి పారేసినవాటికి మాత్రం ఏ పెద్దసారూ నన్ను సంజాయిషీ అడగలేదు. అడిగి ఉంటే ఏం రాసేదాన్నో ఇప్పటికీ తెలియదు. ఎన్ని అని కూడా చెప్పలేను. నాకు మరుపు లేదని ఇంత గొప్పగా చెప్పానా, వాటిని మాత్రం ఒక్కరోజు కూడా లెక్కపెట్టలేదు.